బంతి కన్నా ముందు పాదాలు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

బాస్కెట్‌బాల్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. వారం తిరక్కుండానే "ఒక్కటీ బుట్టలో పడట్లేదు పెదనాన్నా" అని నీ మెసేజ్. పడదు తల్లీ, ఇప్పుడే ఎందుకు పడుతుంది? ఇన్నేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను కదా, షాట్ గురించి ఏడ్చినవాళ్లే అందరూ. కాళ్ల గురించి అడిగినవాళ్లు అరుదు. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఆట పుట్టుకలోనే కాళ్ల సంగతి ఉంది. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికి బయట ఆడలేని కుర్రాళ్ల కోసం జేమ్స్ నైస్మిత్ దీన్ని తయారుచేశాడు. బంతి పట్టుకుని పరుగెత్తనిస్తే ఎదుటివాడు మీదపడి లాగేస్తాడు, గచ్చు మీద ఎముకలు విరుగుతాయి. అందుకని బంతితో పరుగే వద్దన్నాడు. పీచ్ పండ్ల బుట్టల్ని తలలకు పైన కట్టించాడు, బలంగా విసిరితే లాభం లేకుండా. డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకు కొడుతూ కదలడం, తర్వాత వచ్చింది. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు, బుట్ట పైన ఉంటుంది: ఈ రెండు విషయాలు అర్థమైతే సగం ఆట అర్థమైనట్టే.

ముందు ఆగడం నేర్చుకో. పాస్ అందుకుంటూ రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనేలా, మోకాళ్లు వంచి ఆగు. చప్పుడు ఎంత తక్కువైతే అంత మంచిది. అలా ఆగితే ఏ పాదాన్నయినా పివట్‌గా, అంటే కదలని ఇరుసులా, పెట్టుకోవచ్చు. ఆ పాదం మేకు కొట్టినట్టు ఉండాలి, రెండోదాన్ని ఎటైనా తిప్పుకో. డ్రిబుల్ మొదలుపెట్టేటప్పుడు పివట్ పాదం లేచేలోపే బంతి చేతిని వదలాలి. కొత్తవాళ్ల మీద విజిల్ ఎక్కువగా పడేది ఇక్కడే. డ్రిబుల్ ఆపి బంతి పట్టుకున్నాక మళ్లీ కొట్టకూడదు, ఇక పాసో షాటో. కంగారులో ఇది అందరూ మర్చిపోతారు, నువ్వూ మర్చిపోతావు, సిగ్గుపడకు.

డ్రిబుల్ అరచేత్తో కాదు, వేళ్లతో. నడుము కంటే కిందే, కళ్లు బంతి మీద పెట్టకుండా. ఎడమచేతికి కుడిచేతి కంటే రెట్టింపు సమయం ఇవ్వు. విసుగొస్తుంది, తెలుసు.

ఇక షాట్. రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు. మీ అమ్మాయిల ఆరో నంబరు బంతి వ్యాసం సుమారు 23. అంటే చోటు దాదాపు రెట్టింపు ఉంది! కానీ బంతి అడ్డంగా దూసుకొస్తే ఆ గుండ్రం సన్నటి చీలికలా మారిపోతుంది. పైనుంచి దిగితేనే పూర్తిగా తెరుచుకుంటుంది. కాబట్టి ఎత్తుగా వెయ్యి. రింగుకు మీటరు దూరంలో నిలబడి, కుడిచేత్తో మాత్రమే మొదలుపెట్టు. తర్వాత ఎడమచెయ్యి కలిపినా పక్కన ఆనించడానికే, దాని బొటనవేలు నెట్టకూడదు. బలం మోకాళ్ల నుంచి రావాలి. పది వేస్తే ఏడు పడేదాకా వెనక్కి జరగొద్దు. 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత దగ్గరికి ఇప్పుడే వెళ్లావో, భుజంతో విసరడం అలవాటై, మాన్పించడానికి ఏడాది పడుతుంది. అన్నయ్య ఆడే పెద్ద బంతి, ఏడో నంబరుదానితో ఆడటమూ అలాంటిదే.

నియమాలు చాలానే ఉన్నాయి, ఆడుతుంటే వస్తాయి. అంతర్జాతీయ పద్ధతిలో పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో షాట్, ఐదు ఫౌల్స్ అయితే బయటికి. ఇంతవరకు చాలు.

పొట్టిదాన్నని బెంగన్నావు. మగ్సీ బోగ్స్ ఎత్తు 160 సెంటీమీటర్లే, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. బంతి నేలకు దగ్గరగా ఉన్నంతసేపు పొడుగువాళ్లు వంగడానికే అవస్థపడతారు.

బూట్ల విషయంలో మాత్రం నా మాట విను. నేను కుర్రతనంలో రన్నింగ్ షూస్‌తో ఆడి, ఇంకొకడి పాదం మీద దిగి, చీలమండ బెణికించుకుని ఆరు వారాలు కూర్చున్నాను. పక్కకు కోసినట్టు తిరిగే ఆట ఇది, అడుగుభాగం వెడల్పుగా, పట్టు ఉన్నవి కావాలి.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. షాట్లు చూపించకు, ఆగడం చూపించు. ఫోన్ నేల మీద పెడితే పాదాలు బాగా కనిపిస్తాయి.

మీ పెదనాన్న