తేనెటీగల సూటు ఉతుకు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఖాదీ కమిషన్ వారి హనీ మిషన్ కింద నీకు 10 పెట్టెలు వచ్చాయనీ, తెల్ల సూటు, ముసుగు, తోలు గ్లౌజులు కూడా సమకూర్చుకున్నావనీ అక్క ఫోనులో చెప్పింది. పెట్టె తెరవడం, చట్రాలు చూడడం, పొగ పట్టడం నీకు శిక్షణలో నేర్పే ఉంటారు. సూటును ఎలా ఉతకాలో మాత్రం నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. ఈగలే చెప్పాయి.

చాలా ఏళ్ల కిందట, అరకులో వలిసె పూలు విరగబూసిన రోజుల్లో, సాయంత్రం పెట్టె దించుతూ కాలు జారి దాన్ని ఒక పక్కకు ఒరగబెట్టాను. ఎడమ చేతి మణికట్టు దగ్గర పది పదిహేను ఈగలు కుట్టాయి. అలసిపోయి సూటును గుడారంలో మేకుకు తగిలించి, మర్నాడు పొద్దున్న దాన్నే వేసుకుని, నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే సాధువైన పెట్టె దగ్గరకు వెళ్లాను. మూత ఇంకా తీయనే లేదు, కాపలా ఈగలు వచ్చి సరిగ్గా ఆ ఎడమ మణికట్టు మీదే వాలాయి, కుడి చేతి జోలికి ఒక్కటీ పోలేదు. తర్వాత ఆ అంచును వెలుతురులో పెట్టి చూస్తే, గోధుమరంగు ముళ్లు బట్టలో దిగబడి ఉన్నాయి. ఒక్కొక్క ముల్లు చివర ఆవగింజలో సగం కూడా లేని విషపు తిత్తి ఎండిపోయి అంటుకుని ఉంది.

ఈగ కుట్టినప్పుడు మాగిన అరటిపండు వాసన లాంటిది ఒకటి బయటికి వస్తుంది. దానిలో ఐసోఅమైల్ అసిటేట్ ఉందని శాస్త్రజ్ఞులు 1962లో గుర్తించారు. తోటి ఈగలకు అది ‘శత్రువు ఇక్కడున్నాడు’ అనే కబురు. ఆ వాసన ప్రభావాన్ని ఎక్కువసేపు నిలబెట్టే పదార్థం ఇంకొకటి కూడా ముల్లులోనే ఉంటుంది. పొగ పడితే ఈ కబురు వాటికి సరిగా అందదు గానీ, బట్టలోంచి వాసన పోదు. అందువల్ల నువ్వు ఎన్ని రోజులకొకసారి ఉతకాలని లెక్క పెట్టుకోనక్కరలేదు. ఈగలు కుట్టిన రోజున ఆ రాత్రే ఉతకాలి, కుట్టకపోతే చెమట వాసన వచ్చేదాకా ఆగినా నష్టం లేదు.

ఉతికే ముందు ముళ్లను మొండి కత్తితో గానీ గోటితో గానీ గీకి తీసేయి. ఎండిన విషం కూడా విషమే. దాని పొడి తగిలీ తగిలీ, తేనెటీగలు పెంచేవారి ఇళ్లలో పెట్టెల దగ్గరకు ఎన్నడూ వెళ్లనివారికి సైతం ఎలర్జీ పట్టుకున్న సందర్భాలున్నాయి. కాబట్టి నీ సూటును ఇంట్లోవాళ్ల బట్టలతో కలపవద్దు, మూటగట్టి అక్క చేతికి ఇవ్వవద్దు, దులపడం పెరట్లోనే కానివ్వు, ఉతకడం నువ్వే ఉతుక్కో.

తర్వాత మైనం సంగతి. తేనె, పుప్పొడి మరకలూ, ఈగల రెట్ట పడిన పసుపు చుక్కలూ చన్నీళ్లలో అరగంట నానబెడితే చాలావరకు వదులుతాయి, మైనం వదలదు. చాలామంది మరిగే నీళ్లు పోస్తారు, అది తప్పు. మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది కనుక, మరిగే నీళ్లలో అది కరిగి సూటంతా పరుచుకుని, చల్లారాక నేతలోకి ఇంకిపోయి కూర్చుంటుంది. బట్టను ఒక పాలిథీన్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లోని ఐసు అరలో గంటసేపు పెట్టు, మైనం పెళుసెక్కి చిట్లి రాలిపోతుంది. ఇటాలియన్ ఈగలు పూసే జిగురు, అంటే ప్రోపాలిస్, కూడా ఇదే పద్ధతిలో పైపైన రాలుతుంది, మిగిలిన మరకకు స్పిరిట్ అద్ది తుడవాలి. మన నాటు పుట్ట తేనెటీగలు ఈ జిగురును దాదాపు వాడవు కాబట్టి, వాటిని పెంచేవారికి ఈ బాధ లేదు.

అప్పుడు గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా బట్టల సోడా, వాసన లేని సబ్బు వేసి సూటును ఉతుకు. మంచి వాసన కోసం పోసే ద్రవాలేవీ దాని దగ్గరకు రానివ్వవద్దు, ఆ ఘాటుకు ఈగలు చిరాకు పడతాయి. మన ఇళ్లలో తెల్లబట్ట అనగానే గంజి పెట్టాలనిపిస్తుంది. దీనికి పెట్టవద్దు, గంజి బట్టకు బొద్దింకలు చేరతాయి. ముసుగును మాత్రం జిప్పు తీసి సూటు నుంచి వేరు చేసి, ఒక బకెట్టులో సబ్బు నీళ్లలో చేత్తోనే ఆడించి తీయాలి. మిషన్‌లో వేస్తే వల ముడతలు పడి, ముఖానికి ఆనుకునే చోటు ఏర్పడుతుంది, అక్కడి నుంచే ఈగ కుడుతుంది. పిండవద్దు, ఇస్త్రీ చేయవద్దు, నీడలో ఆరేయి. సూటును తిరగేసి ఎండలో ఆరవేయవచ్చు గానీ, పెట్టెలకు కనిపించేంత దగ్గరలో వద్దు. తేనె అంటిన ఉతుకు నీళ్లను కూడా అక్కడ పారబోస్తే, ఆ తీపికి మరిగిన ఈగలు బలహీనమైన పెట్టెల మీద దోపిడీకి దిగుతాయి.

తోలు గ్లౌజులు నానబెడితే ఆరాక చెక్కలా బిగుసుకుపోతాయి. తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాక కొద్దిగా నూనె రాయి. ముళ్లు ఎక్కువగా ఇరుక్కునేది వాటిలోనే కనుక, వేళ్ల సందులు తడిమి చూసుకో. జబ్బు అనుమానం ఉన్న పెట్టెకు తోలు గ్లౌజులతో చేయి పెట్టవద్దు, అన్నిటికంటే ఆఖరున, పారేసే రబ్బరు గ్లౌజులతో దాన్ని చూడు. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో నాటు ఈగల కాలనీలను ఊడ్చిపెట్టింది. అలాంటి జబ్బును మన చేతులతో, మూతనూ చట్రాలనూ విడదీసే మన ఉలితో ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు మోయకూడదు. ఉలిని ఒక పాలు బట్టల సోడాకు ఐదు పాళ్ల నీళ్లు కలిపి రుద్ది కడుగు, ఆ నీళ్లలో ఒట్టి చేతులు పెట్టకు.

జిప్పు పళ్లలో మైనం, జిగురు పేరుకుంటే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, శుభ్రమైన మైనం ముక్కను పైకీ కిందకీ నాలుగుసార్లు రాస్తే మళ్లీ సాఫీగా నడుస్తుంది. తడి ఆరకుండా మడతపెడితే బూజు పడుతుంది, వానాకాలంలో మరీను. మడవకుండా కొక్కేనికి వేలాడదీయి. బీరువాలో కలరా ఉండలు ఉంటే మాత్రం అక్కడ పెట్టకు.

వేసుకునే ముందు ప్రతిసారీ ముసుగును కిటికీకి ఎదురుగా పట్టి చూడు. పొగ డబ్బా నుంచి ఎగిరిన నిప్పురవ్వ చేసే బెజ్జం గురిగింజంత కూడా ఉండదు, అయినా ఈగకు ఆ దారి చాలు. లోపలికి ఈగ వచ్చిందని తెలిస్తే పెట్టెల మధ్య నిలబడి ముసుగు తీయకు, ముందు దూరంగా నడిచిపో. బెజ్జానికి టేపు అంటించినా ఎండకు ఊడిపోతుంది, నల్ల దారంతో కుట్టు. నా దగ్గర నల్లవల ముక్క ఒక గజం మిగిలి ఉంది, దసరాకు వచ్చినప్పుడు తెస్తాను.

ఇట్లు,
నీ మామయ్య