పాప పళ్ళ సంగతి రేడియోలో చెప్పేశారు

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. మావారు రెండేళ్ళ క్రితం కాలేజీ ఉద్యోగం మానేసి, స్నేహితులతో కలిసి ఇంటర్నెట్ రేడియోలో రోజూ సాయంత్రం టాక్ షో చేస్తున్నారు. ఫ్లోరైడ్ నీళ్ళ మీద, వెలిగొండ ప్రాజెక్టు మీద ఎక్కడ ధర్నా జరిగినా ముందుంటారు. బెదిరింపు ఫోన్లు వస్తున్నాయి కానీ నాకు చెప్పరు. పోయిన నెల ప్రోగ్రాంలో మా పాప పళ్ళు గారపట్టిన సంగతి పేరుతో సహా చెప్పారు. ఎనిమిదో తరగతి పిల్ల. బడిలో ఏడిపిస్తున్నారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. నాన్నతో మాటలు మానేసింది. ఆయన్ని అడిగితే "ఊరందరి బాధేగా, దాచుకోవడమెందుకు" అంటారు. పాపను తీసుకుని కావలిలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి చూద్దాం. డబ్బు ఇబ్బంది, ఉద్యోగం మానేశారన్న కోపం నాలుగు రోజులు ఆగగలవు. ఆ పిల్ల ఆగలేదు.

మీవారు పాపను చిన్నబుచ్చాలని చెప్పి ఉండరు. ఫోన్ ప్రోగ్రాం నడిపేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. అవతలివాళ్ళు నోరు విప్పడానికి మొహమాటపడుతుంటే ముందు తమ ఇంటి సంగతి ఒకటి బయటపెడతారు. అది విన్నాక "మా ఇంట్లోనూ ఇంతే సార్" అంటూ ఫోన్లు మొదలవుతాయి. ఆ రోజు కూడా చాలామందే చేసి ఉంటారు, మెచ్చుకునీ ఉంటారు. అందుకే తప్పు చేశానని ఆయనకు ఇప్పటికీ తట్టలేదు. కానీ అది తప్పే. నీళ్ళ బాధ ఊరందరిదీ, ఆ పళ్ళు మాత్రం పాపవి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఇంట్లో పడుతున్న బాధలు పదిమందిలో పెట్టారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇంటి గుట్టు బయటపెట్టడానికి అంత బలం ఉంది, మీవారి నమ్మకం అక్కడిదాకా సరైనదే. కానీ అక్కడ ఎవరి గోడు వాళ్ళు తమ నోటితో చెప్పుకున్నారు. మీ పాప చెప్పలేదు, ఆమెను ఎవరూ అడగనూ లేదు. ఈ మాట మీవారితో అనండి. ఉద్యమంలో ఉన్న మనిషికి ఇది అర్థమవుతుందని నా నమ్మకం.

ఆయన పాపకు సారీ చెప్పాలి. ప్రోగ్రాంలో మాత్రం వద్దే వద్దు. మైకులో చెబితే తెలియనివాళ్ళకు కూడా తెలిసిపోతుంది. ఇంట్లో, మీరు కూడా పక్కన లేకుండా, ఆమె దగ్గర కూర్చుని "నిన్ను అడక్కుండా చెప్పాను, తప్పు నాదే" అంటే చాలు. ఎందుకు చెప్పాడో వివరించడం మొదలుపెడితే అది మళ్ళీ ఉపన్యాసం అవుతుంది. ఆ రోజు రికార్డింగ్ ఇంకా యాప్‌లో ఉంటే, ఆ ముక్క తీయించి ఆ తర్వాతే పాప దగ్గరికి వెళ్ళమనండి. ఇకమీదట ఇంట్లోవాళ్ళ సంగతి ఏది చెప్పాలన్నా ముందు వాళ్ళని అడగాలి. వాళ్ళు వద్దంటే మానుకోవాలి.

పాపకు ఇంకొకటి తెలియాలి. సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చిన గార కాదది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదంటారు, వేరే నీళ్ళు లేనిచోట 1.5 వరకు సర్దుకోవచ్చంటారు. చిన్నప్పుడు పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో అంతకు మించి ఒంట్లోకి వెళ్తే మచ్చలు పడతాయి. ఎంత తోమినా పోవు. మచ్చలు తగ్గించే వైద్యం ఉంది. ఒంగోలులో మంచి దంతవైద్యుడికి చూపించండి. పాప సరేనంటే తీసుకెళ్ళేది నాన్నే అయితే బాగుంటుంది. బడిలో ఏడిపించే పిల్లల సంగతి క్లాస్ టీచర్‌తో మీరే మాట్లాడండి. మీరూ టీచరే కాబట్టి, ఎవరి పేరూ ఎత్తకుండా పిల్లలందరికీ ఫ్లోరైడ్ పాఠంగా ఎలా చెప్పాలో మీకు తెలుసు.

బెదిరింపులు దాచడం ఆయన ధైర్యం అనుకుంటున్నారేమో. ఆ ఇంట్లో మీరూ పాపా ఉంటున్నారు, మీకు తెలియాలి. ప్రోగ్రాంకి వేరే నంబరు పెట్టుకోమనండి. వచ్చిన ప్రతి బెదిరింపు కాల్ తేదీ, టైము, నంబరు రాసిపెట్టి, రికార్డింగులు దాచి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. చంపుతాం, కొడతాం అని బెదిరించడమే నేరం. ఎవరైనా ఇంటిమీదికొస్తే వెంటనే 112కి ఫోన్ చేయండి.

డబ్బు గురించి ఒక్క మాటే. మీ ఒక్కరి జీతంతో ఎన్నాళ్ళు నడపగలరో కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. అలిగి కూర్చుంటే ఆయనకు తెలియదు.

కావలి సంగతి. బెదిరింపులు ఇంటిదాకా వస్తే నన్ను అడగకుండానే వెళ్ళండి, ఆలోచించొద్దు. లేకపోతే ఇప్పుడే బడి మాన్పించి తీసుకెళ్ళకండి. ఏడిపించినవాళ్ళు బడిలోనే ఉన్నారు, నేనే ఊరు వదిలాను అని ఆ పిల్ల మనసులో పడిపోతుంది. సెలవుల్లో అమ్మమ్మ దగ్గర పది రోజులు ఉండి రావడం వేరు. ఏదైనా ఆమెనే అడగండి. ఇప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తను ఏమందో నాకు రాయండి.