తలుపు తీయకపోతే ఏం చేస్తాడు?

ప్రశ్న: నేనొక థ్రిల్లర్ నవల రాస్తున్నాను. హీరో విజయవాడలో ప్రైవేట్ డిటెక్టివ్. అనుమానితుడి కాల్ డేటా తెప్పిస్తాడు. చివర్లో హంతకుణ్ని ఒక గెస్ట్‌హౌస్‌లో రెండు రోజులు ఉంచి నిజం కక్కిస్తాడు. చదివిన మా బావగారు ‘నమ్మబుద్ధి కావట్లేదు’ అంటున్నారు. ఏం మార్చాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందు మీ బావగారికి నా నమస్కారాలు చెప్పండి. మీ నవలలో హంతకుడి కంటే హీరో మీదే ఎక్కువ కేసులు పడేలా ఉన్నాయి. కాల్ డేటా టెలికాం కంపెనీ పోలీసులకిస్తుంది, అదీ ఎస్పీ స్థాయి అధికారి ద్వారా అడిగితే. దాన్ని దొంగచాటుగా కొన్నారని 2018లో థానే పోలీసులు కొందరు ప్రైవేట్ డిటెక్టివ్‌లనే అరెస్టు చేశారు. ఇక గెస్ట్‌హౌస్. మామూలు మనిషి కూడా నేరస్తుణ్ని పట్టుకోవచ్చు, కానీ హక్కుగా బెయిలు దొరకని పెద్ద నేరం తన కళ్లెదుట జరిగి ఉండాలి, లేదా వాడు కోర్టు ప్రకటించిన నేరస్తుడై ఉండాలి. పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. రెండు రోజులు గదిలో పెడితే అది అక్రమ నిర్బంధం.

అలాగని నీరుగారిపోకండి. ఈ రకం కథకి ప్రాణం అక్కడే ఉంది. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌కంటూ ఒక చట్టం లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 2005లో వచ్చిన చట్టం సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీల కోసం. అంటే మీ హీరో విజిటింగ్ కార్డు చూసి ఎవరూ భయపడక్కర్లేదు. తలుపు కొట్టగలడు, తీయకపోతే మెట్లు దిగి రావాలి. అప్పుడేం చేస్తాడన్నదే మీరు రాయాల్సింది.

నవలల్లోకి రాకముందు నేను హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి ఫీల్డ్ పని చేశాను. హత్యలూ లేవు, వజ్రాలూ లేవు. ఎక్కువగా పెళ్లి ఎంక్వైరీలే. అబ్బాయి వీధిలో కారు ఆపుకుని కూర్చుంటే అరగంటలో వాచ్‌మన్ వచ్చి ‘ఎవరి కోసం సార్?’ అంటాడు. అందుకే కారు మానేసి ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లేవాణ్ని. ఒంటరిగా ఉంటున్నానని చెప్పిన అబ్బాయి ఫ్లాట్ నుంచి జాకెట్లు, చీరలు వస్తున్నాయా? ఆఫీసు చొక్కాలు వారానికి ఎన్ని? రెండు వారాలుగా ఒక్కటీ రాలేదంటే ఆ ఉద్యోగం సంగతి మరోసారి చూసుకోవాలి. (వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక ఈ క్లూ కూడా పోయిందనుకోండి.) ఇస్త్రీ అతను అడగ్గానే చెప్పడు. మన చొక్కాలు రెండు అక్కడ వేసి, తీసుకోవడానికి మళ్లీ వెళ్లి, ఎండల గురించి మాట్లాడి, ఆ తర్వాత అడగాలి. మీ హీరోని ఒక్కసారి అలా నిలబెట్టి చూడండి.

అన్నట్టు, హీరో ఒకమ్మాయిని రోజూ వెంబడించే సీను ఉంటే జాగ్రత్త. ఆమె వద్దంటున్నా వెంటపడి పదే పదే మాట కలపబోతే న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 78వ సెక్షన్ ప్రకారం అది స్టాకింగ్. నేర పరిశోధన పేరుతో మినహాయింపు ఉంది కానీ, ప్రభుత్వం ఆ బాధ్యత అప్పగించినవాళ్లకే. ఆమె తిరిగి కేసు పెడితే? నా మాట వింటే అక్కడే ఇంటర్వెల్ వేస్తాను.

ప్రశ్న: కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లో కేసు చిక్కుపడితే పోలీసులు డిటెక్టివ్ యుగంధర్ సాయం తీసుకుంటారు. నిజంగా అలా జరుగుతుందా?
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: నేను చూడలేదమ్మా. నన్నైతే స్టేషన్‌కి పిలిచింది, ఆ వీధిలో ఎందుకు తిరుగుతున్నావని అడగడానికే. అయినా యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు మద్రాసులో బయల్దేరితే మనకీ అనుమానం రాదు, పేజీ తిప్పేస్తాం. అది కొమ్మూరి గారి చేతి చలవ. ఇప్పుడు రాసేవాళ్లకి ఆ సుఖం లేదు, పాఠకుడి చేతిలో ఫోనుంది.

ప్రశ్న: నిజంగా డిటెక్టివ్ ఉద్యోగం చేసి క్రైమ్ కథలు రాసినవాళ్లున్నారా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మీరుంటున్న దేశంలోనే ఉన్నాడండీ, డాషియల్ హామెట్. 1915లో పింకర్టన్ అనే డిటెక్టివ్ ఏజెన్సీలో చేరాడు. తర్వాత క్షయ పట్టుకుంది, తిరిగే పని కుదరక శాన్‌ఫ్రాన్సిస్కోలో రాత మొదలుపెట్టాడు. ఆయన కథల్లో ఏజెన్సీ మనిషి ఒకడుంటాడు, వాడికి పేరే ఉండదు. క్లయింటు అబద్ధం చెబుతున్నాడని ముందే అనుకుని పనిలోకి దిగుతాడు. ఆ పని చేసినవాడికే తెలిసే విషయం అది.

1923లో ‘స్మార్ట్ సెట్’ పత్రికలో తన డిటెక్టివ్ రోజుల గురించి చిన్న చిన్న ముక్కలు రాశాడు. ఒకసారి తాను నీడలా వెంటాడుతున్న మనిషి ఆదివారం పూట ఊరి బయటికి షికారుకెళ్లి దారి తప్పాడట. చివరికి హామెట్టే వెళ్లి నగరానికి దారి చూపించాల్సి వచ్చింది. జెయింట్ వీల్ దొంగిలించిన మనిషి ఒకడు తనకు తెలుసని కూడా అందులోనే రాశాడు. ఎలా దొంగిలించాడో మాత్రం చెప్పలేదు.