ప్రింటర్‌ని కంప్యూటర్ గుర్తించట్లేదా? ముందు ఆ ఫోన్ పెట్టేయండి

ప్రశ్న: మాది జనగామలో చిన్న జిరాక్స్ షాపు. పాత కంప్యూటర్ పాడైతే విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నాం. పదేళ్ల పైనుంచి వాడుతున్న లేజర్ ప్రింటర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే ల్యాప్‌టాప్ అసలు గుర్తించట్లేదు. ప్రింటర్ లైటు మాత్రం వెలుగుతోంది. డ్రైవర్ (ప్రింటర్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) కోసం నెట్‌లో వెతికితే ఒక సైట్ వచ్చింది, ఇన్‌స్టాల్ అవుతూ సగంలో ఎర్రర్ చూపించి టోల్‌ఫ్రీ నంబరు ఇచ్చింది. ఫోన్ చేస్తే స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నారు, వేసుకున్నాను. ఇప్పుడు రిపేరుకు 3,500 అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దు. ఇది చదువుతున్నప్పుడు ఆ యాప్ ఇంకా ల్యాప్‌టాప్‌లో ఉంటే ముందు వై-ఫై ఆపేయండి, తర్వాత ఆ యాప్ తీసేయండి, మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం. ప్రింటర్ ఒక రోజు ఆలస్యంగా పనిచేసినా కొంప మునగదు. ఆ ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్ ఉంది, మీ కస్టమర్ల ఆధార్ కాపీలు ఉన్నాయి.

ప్రింటర్ కనిపించట్లేదన్న ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోవడంతో చాలామంది 11కి మారారు, పాత ప్రింటర్లు మాత్రం బల్లల మీద అలాగే ఉన్నాయి. అయితే ఇలా రాసేవాళ్లలో చాలామంది 'గుర్తించట్లేదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. కంప్యూటర్‌కు కలిపిన పరికరాల లిస్టు చూపించే డివైస్ మేనేజర్‌లో ఏం కనిపిస్తోందో రాయరు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలోనే అది ఉంటుంది. దాన్ని తెరిచి పెట్టుకుని, కేబుల్ పీకి మళ్లీ గుచ్చి, లిస్టులో ఏం మారిందో చూస్తే సగం సమస్య తేలిపోతుంది.

ఏమీ మారలేదు, గుచ్చినప్పుడు వచ్చే చిన్న శబ్దం కూడా రాలేదు అంటే కేబుల్ గానీ పోర్టు గానీ పోయినట్టే. ఇక్కడ చాలామంది పొరబడేది ఆ లైటు చూసే. ప్రింటర్‌కు కరెంటు గోడ ప్లగ్గు నుంచి వస్తుంది, కాబట్టి యూఎస్‌బీ కేబుల్ పూర్తిగా తెగిపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది. మామూలు యూఎస్‌బీ కేబుల్ లోపల నాలుగు తీగలుంటాయి: రెండు కరెంటుకి, రెండు డేటాకి. డేటా తీగల్లో ఒకటి తెగినా ప్రింటర్ మూగపోతుంది, పైకి కేబుల్ చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది. షాపుల్లో ఈ కేబుల్ కుర్చీ చక్రాల కింద నలుగుతుంది, చతురస్రంగా ఉండే చివర దగ్గర రోజూ వంగుతుంది. పొడవు కూడా చూసుకోండి, యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు 5 మీటర్లే హద్దు. కౌంటర్ నుంచి వెనక గది దాకా రెండు కేబుళ్లు అతికించి లాగితే ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. కొత్త ల్యాప్‌టాప్‌లో టైప్-సి పోర్టులే ఉండి మధ్యలో హబ్ పెట్టుకుంటే, ఆ హబ్ తీసేసి ఒక్కసారి నేరుగా పెట్టి చూడండి. కొన్ని ప్రింటర్లకు ముందువైపు కూడా యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, అది పెన్‌డ్రైవ్ కోసం. కంప్యూటర్‌కు కలిపే పోర్టు వెనకాల ఉంటుంది, కొత్త మోడళ్లలో దాని మీద స్టిక్కర్ కూడా అంటించి ఉండొచ్చు.

'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్' అని వచ్చి దాని ప్రాపర్టీస్‌లో కోడ్ 43 కనిపిస్తే, అవతల ఏదో ఉందని కంప్యూటర్‌కు తెలిసింది కానీ అదేమిటో అర్థం కాలేదు. ఇది కూడా ఎక్కువగా కేబుల్, హబ్, పోర్టుల గొడవే, అప్పుడప్పుడు ప్రింటర్ బోర్డుది. డ్రైవర్లు వెతుక్కుంటూ కూర్చోవద్దు. వేరే కేబుల్, వేరే పోర్టు, వీలైతే వేరే కంప్యూటర్. మూడు చోట్లా అదే వస్తే మెకానిక్‌కి చూపించండి.

'యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్' అన్న లైను వచ్చిందంటే మాత్రం సంతోషించండి, కేబుల్ బాగుంది, పోర్టు బాగుంది, ఇక కావలసింది ఆ మోడల్ డ్రైవరే. పసుపు త్రికోణంతో ప్రింటర్ పేరు కనిపించినా ఇదే సంగతి. ప్రింటర్ లిస్టులోనే ఉండి ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ చూడండి. కొన్ని ప్రింటర్లను నిన్న ఒక సాకెట్‌లో, ఇవాళ పక్క సాకెట్‌లో పెడితే విండోస్ దాన్ని రెండో ప్రింటర్ అనుకుని 'కాపీ 1' అని కొత్త పేరు తగిలిస్తుంది, మీరు ప్రింట్ ఇచ్చేది పాత పేరుకు. కాపీ 1ని డిఫాల్ట్‌గా పెట్టుకుని పాతది తీసేస్తే చాలు. క్యూలో ఏదో ఒక పేజీ ఇరుక్కుని కదలకపోతే విండోస్ సర్వీసెస్ లిస్టులో ప్రింట్ పనులు చూసే ప్రింట్ స్పూలర్‌ని ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఖాళీ చేసి మళ్లీ స్టార్ట్ చేయండి. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీ అడుగున 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' ఉంటే అది ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. అది ఆన్ అయితే ప్రింటర్ కంపెనీల సొంత డ్రైవర్లు పనిచేయవు, పాత ప్రింటర్ ఉన్నట్టుండి మాయమవుతుంది.

ఇక నాకు టెన్షన్ పుట్టించే సంగతి, మీరు తెరిచిన ఆ సైట్. మోడల్ నంబరు టైప్ చేయమంటుంది, చేశాక ఒక గీత మెల్లగా నిండుతూ పోతుంది, డ్రైవర్ దిగుతోందని మనం నమ్ముతాం. నిజానికి అక్కడ ఏమీ దిగట్లేదు, ఆ గీత ఉత్త బొమ్మ. మీరు ఏ మోడల్ కొట్టినా అదే చోట ఎర్ర అక్షరాలు వస్తాయి, అదే నంబరు వస్తుంది. సెర్చ్‌లో ఇలాంటివి పైన రావడానికి కారణం ప్రకటనకు డబ్బు కట్టడమే, కాబట్టి పైన ఉంది కదా అని నమ్మడానికి లేదు. ఫోన్ ఎత్తినవాడు మర్యాదగా మాట్లాడతాడు, మీ ప్రింటర్ మోడల్ కూడా చెబుతాడు, ఎందుకంటే అది మీరే టైప్ చేసి ఇచ్చారు.

మీరు స్క్రీన్ ఇచ్చేశారు కాబట్టి చేయాల్సినవి చెబుతాను. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచో వేరే కంప్యూటర్ నుంచో మార్చండి, ఆ ల్యాప్‌టాప్ నుంచి వద్దు. బ్రౌజర్‌లో సేవ్ చేసి పెట్టుకున్న పాస్‌వర్డ్‌లు ఏమేం ఉన్నాయో గుర్తు చేసుకుని అవన్నీ మార్చండి. షాపు వాట్సాప్ ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంటుంది కదా, ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌కి వెళ్లి అన్నీ లాగౌట్ చేయండి. బ్యాంకుకు చెప్పి పెట్టండి. ఒక్క రూపాయి పోయినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ముందుకు కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్ చేయించడమే మంచిది. కొత్తది కాబట్టి మీకు పెద్ద నష్టమేమీ ఉండదు, యాప్ ఒక్కటి తీసేస్తే వాళ్లు పెట్టిపోయిన వేరే ఫైలు పోతుందన్న గ్యారంటీ లేదు.

కస్టమర్ల ఫైళ్ల సంగతి కూడా చెప్పాలి. ఏ జిరాక్స్ షాపు కంప్యూటర్‌లోనైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, పట్టాదారు పాస్‌బుక్కులు, హాల్ టికెట్లు వరసగా ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చాయి, ప్రింట్ తీశారు, కస్టమర్ పది రూపాయలిచ్చి వెళ్లిపోయాడు, ఫైలు అక్కడే ఉండిపోయింది. స్క్రీన్ షేరింగ్‌లో కూర్చున్నవాడికి ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవడానికి ఎంతోసేపు పట్టదు. షాపు మూసే ముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేయడం, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయడం రోజూ జరగాలి. మీ దగ్గరికి వచ్చిన మనిషి మిమ్మల్ని నమ్మి పంపిన కాగితం అది.

డ్రైవరే కదా, ఏ సైట్ నుంచి దించితే ఏమిటి అని అడిగేవాళ్లుంటారు. డ్రైవర్ మామూలు యాప్ లాంటిది కాదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది, మీరు ఎస్ నొక్కుతారు, అంటే ఇంటి తాళాలన్నీ ఇచ్చేసినట్టే. పైగా విండోస్‌లో ప్రింట్ పనులు చూసే స్పూలర్ సిస్టమ్ స్థాయి అధికారంతో నడుస్తుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకడానికి వాడుకున్న దారుల్లో ఈ స్పూలర్ లోపం ఒకటి. 2021లో స్పూలర్‌లోనే ప్రింట్‌నైట్‌మేర్ అని పేరుపడిన లోపం బయటికొస్తే జులై 6న మైక్రోసాఫ్ట్ మామూలు షెడ్యూల్ దాకా ఆగకుండా దాన్ని సరిచేసే ప్యాచ్ అత్యవసరంగా విడుదల చేయాల్సి వచ్చింది, ఆగస్టులో డ్రైవర్ల ఇన్‌స్టాలేషన్‌కు సంబంధించిన రూల్సే మార్చేశారు. అన్నిటికంటే భయపెట్టేది 2025 మేలో బయటపడింది: టీ-షర్టుల మీద అచ్చు వేసే ప్రింటర్లు చేసే ఒక కంపెనీ తన సొంత సైట్ ద్వారా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనే వైరస్‌లు ఉన్నాయి. వాటిలో ఒకటి, కాపీ చేసిన బిట్‌కాయిన్ చిరునామాను మార్చేసి దొంగ చిరునామా పెట్టేది. అసలు కంపెనీ ఫైలుకే గతి ఇదైతే ఊరూపేరూ లేని 'డ్రైవర్ అప్‌డేటర్' సైట్ సంగతి మీరే ఆలోచించండి. యాంటీవైరస్ హెచ్చరిస్తే దాన్ని ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని ఏ పేజీ చెప్పినా, ఆ పేజీ మూసేయండి.

అసలు జనం ఆ దొంగ సైట్ల దాకా ఎందుకు వెళ్తున్నారు? నా కోపం అంతా అక్కడే. వేలకు వేలు పోసి ప్రింటర్ కొంటే డబ్బాలో కేబుల్ ఉండదు, ఇదివరకు వచ్చే సీడీ ఉండదు. ఉన్న యూఎస్‌బీ పోర్టుకు స్టిక్కర్ అంటించి వై-ఫై మీదే సెటప్ చేసుకోమంటారు. డ్రైవర్ అడిగితే ఫోన్ యాప్ దించుకోమంటారు, యాప్ తెరిస్తే అకౌంట్ క్రియేట్ చేయమంటారు, కాగితం మీద సిరా వేయడానికి నా మెయిల్ ఐడీ వాళ్లకెందుకు? పాత మోడల్ డ్రైవర్ పేజీ ఎక్కడో లోపల దాచిపెడతారు, లేదా పూర్తిగా తీసేస్తారు, ప్రింటర్ మాత్రం చెక్కుచెదరకుండా పనిచేస్తుంటుంది. మామూలుగా వాడుకునే మనిషికి సరైన దారి మూసేస్తే అతను గూగుల్‌లో వెతుకుతాడు, అక్కడ దొంగ కాచుకుని ఉంటాడు. ఇందులో కంపెనీల బాధ్యత ఏమీ లేదంటే నేను ఒప్పుకోను. అవే కంపెనీలు ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మాత్రం అడక్కుండా పంపి, నిన్నటిదాకా పనిచేసిన బయటి కార్ట్రిడ్జ్‌ని ఇవాళ చెల్లదంటాయి.

సిస్టమ్ అప్‌డేట్లూ తక్కువేం తినలేదు. 2024 చివర్లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో యూఎస్‌బీతో కలిపిన కొన్ని స్కానర్లు, మల్టీఫంక్షన్ ప్రింటర్లు కంప్యూటర్‌కు కనిపించకుండా పోయాయి, అలాంటి పరికరాలున్న కంప్యూటర్లకు అప్‌డేట్ వెళ్లకుండా ఆపాల్సి వచ్చింది. 2025 జనవరి చివర్లో వచ్చిన ఇంకో అప్‌డేట్‌తో విండోస్ 11 పాత వెర్షన్ 23హెచ్2, విండోస్ 10 వాడే కొందరి యూఎస్‌బీ ప్రింటర్లు ఎవరూ ప్రింట్ ఇవ్వకపోయినా వాటంతటవే పిచ్చి అక్షరాలు అచ్చువేశాయి, సరిచేసేసరికి మార్చి నెలాఖరైంది. ఇంట్లో ఉన్నవాళ్లు వైరస్ అనుకుని భయపడతారు, షాపువాళ్లకు కాగితం, టోనర్ దండగ. అప్‌డేట్లు వేయడం మానేయమని నేను చెప్పను, ప్రింట్‌నైట్‌మేర్ లాంటివి అడ్డుకునేది అవే. కానీ ప్రింటర్ మీద బతికే చోట ఐచ్ఛికంగా వచ్చే ప్రివ్యూ అప్‌డేట్లు వేయకండి, నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు చాలు.

మీ లేజర్ ప్రింటర్ విషయానికొస్తే, కంపెనీ సైట్ అడ్రస్ ప్రింటర్ మాన్యువల్ మీదో వారంటీ కాగితం మీదో ఉంటుంది, సెర్చ్‌లో వెతక్కుండా దాన్ని చూసి టైప్ చేయండి. మీ మోడల్ పేజీలో విండోస్ 11 కనిపించకపోయినా 64 బిట్ విండోస్ 10 డ్రైవర్ ఉంటే అది ఎక్కువసార్లు 11లోనూ పనిచేస్తుంది. చాలా మోడళ్లకు సాఫ్ట్‌వేర్ ముందు వేసి, అది అడిగినప్పుడే కేబుల్ పెట్టాలి. 32 బిట్ డ్రైవర్ మాత్రమే ఉంటే కుదరదు, విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఏఆర్‌ఎం రకం ప్రాసెసర్ ఉన్నా పాత డ్రైవర్లు ఎక్కవు, కొన్నప్పటి బిల్లులో ప్రాసెసర్ పేరు చూసుకోండి. చవక లేజర్ ప్రింటర్లలో చాలావాటికి పేజీని తయారుచేసే పని కంప్యూటరే చేసిపెట్టాలి కాబట్టి ఏదో ఒక జనరిక్ డ్రైవర్ పెడితే నడవవు. తెలిసినవాళ్లుంటే లైనక్స్‌లో పెట్టించి చూడండి, కంపెనీలు వదిలేసిన పాత మోడళ్లకు అక్కడ ఇంకా డ్రైవర్లు దొరుకుతున్నాయి.

ఏదీ కుదరక కొత్తది కొనాల్సి వస్తే మోప్రియా సర్టిఫికేషన్ ఉందా అని షాపులో అడగండి, ప్రత్యేక డ్రైవర్ లేకుండానే విండోస్‌తో పనిచేసేది అదే. వై-ఫై ఉన్నది తీసుకుంటే కస్టమర్లకు ఇచ్చే వై-ఫై మీద ప్రింటర్‌ని పెట్టకండి, దానికి వేరే నెట్‌వర్క్ పెట్టి, డబ్బా మీద రాసి వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ రోజే మార్చేయండి.