ర్యాంప్ మీద హడావుడి వద్దు: మిన్నెసోటా సరస్సులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పద్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ, ట్రైలర్‌తో సహా కొన్నాం. ర్యాంప్ (పడవను నీటిలోకి దించే వాలు) దగ్గర వెనకాల బండ్లు ఆగుతుంటే కంగారు పడిపోతున్నాం. ఏది ముందు, ఏది తర్వాత? (మినియాపోలిస్ నుంచి)

జవాబు: అసలు ర్యాంప్ మీద చేయాల్సిన పని చాలా తక్కువండి. మిగతాదంతా పార్కింగ్‌లో ఓ పక్కన ఆగి ముగించాలి. గాలాలు, ఎర, లైఫ్ జాకెట్లు, పెట్రోలు ట్యాంకు అక్కడే పడవలో పెట్టేయండి. డ్రెయిన్ ప్లగ్ (పడవలోని నీరు పోయే రంధ్రానికి పెట్టే బిరడా) బిగించండి. వెనకవైపు కట్టిన పట్టీలు విప్పండి. ఇవి మరిచిపోతే పడవ తేలదు, ట్రైలర్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది. ముందుభాగానికి పదిహేను అడుగుల తాడు కట్టండి. ట్రైలర్ లైట్ల ప్లగ్గు కారు నుంచి పీకేయండి. వేడెక్కిన బల్బు చన్నీళ్లలో మునిగితే పగులుతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది.

చక్రాల బేరింగులకూ ఇదే ప్రమాదం. హైవే మీద వేడెక్కిన హబ్బు (చక్రం మధ్యభాగం) ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందుల్లోంచి నీటిని లాక్కుంటుంది. గ్రీజు పాడవుతుంది, బేరింగు తుప్పు పడుతుంది, తిరుగు ప్రయాణాల్లో ఎప్పుడో పట్టేస్తుంది. పార్కింగ్‌లో సర్దుకునే పావుగంటలో హబ్బులు కూడా చల్లారతాయి కనుక ఆ సమయం వృథా కాదు.

ముందువైపు వించ్ (పడవను ట్రైలర్ మీదికి లాగే చుట్టుయంత్రం) కొక్కెం, సేఫ్టీ గొలుసు మాత్రం పార్కింగ్‌లో విప్పకండి. రోలర్ల ట్రైలర్ అయితే వాలులోకి రాగానే పడవ జారి కాంక్రీటు మీద పడుతుంది.

వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగ్ కింది అంచు పట్టుకోండి. ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటే కొద్దికొద్దిగా కదపండి. ట్రైలర్ పొట్టిదైనకొద్దీ త్వరగా మడత పడుతుంది. వంకర తిరిగిందనిపిస్తే సరిచేయాలని తంటాలు పడకుండా ముందుకు లాగి, తిన్నగా చేసుకుని మళ్లీ రండి. ఇంజిన్ పైకెత్తి ఉంచాలి. పడవ వెనకభాగం తేలడం మొదలవగానే ఆపి, గేరు పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు కూడా వేశాకే కొక్కెం, గొలుసు విప్పండి. అప్పటికి తాడు ఒకరి చేతిలో ఉండాలి.

ప్రశ్న: ఇంజిన్ మొదటి లాగుకే అందుకుంటుంది, అయిదారు నిమిషాలకు ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ నడుస్తుంది. (డులూత్)

జవాబు: ముందు పెట్రోలు ట్యాంకు మూత చూడండి. పాత రకం ట్యాంకుల మూత మీద లోపలికి గాలి వదిలే చిన్న మర ఉంటుంది. అది మూసి ఉంటే పెట్రోలు తగ్గినకొద్దీ లోపలికి గాలి రాక ప్రవాహం ఆగిపోతుంది. మర విప్పినా ఆగుతుంటే గొట్టం మధ్యనున్న రబ్బరు బల్బు పిండండి. ఎంత పిండినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది; తరచుగా గొట్టం చివర కనెక్టర్‌లోని ఓ-రింగే (గుండ్రటి రబ్బరు సీలు) కారణం. ఇంజిన్ నడుస్తుండగా బల్బు నొక్కుకుపోయి చదునైతే అడ్డు ట్యాంకు వైపు ఉంది. ఇవన్నీ బాగుంటే పోయినేటి పెట్రోలు పారబోసి కొత్తది పోయండి. ఇథనాల్ కలిపిన పెట్రోలు నిలవుంటే తేమను పీలుస్తుంది.

ఇంజిన్ వెనక సన్నటి నీటిధార (ఇంజిన్‌ని చల్లబరిచే నీరు) చిమ్ముతోందో లేదో కూడా గమనించండి. అది రాకపోతే వెంటనే ఆపాలి.

ప్రశ్న: మిగిలిన చిన్నచేపల ఎరను సరస్సులో వదిలేస్తే తప్పేముంది? అవీ బతుకుతాయి కదా. (రోచెస్టర్)

జవాబు: వదలకూడదు. చట్టమూ ఒప్పదు, సరస్సుకీ మంచిది కాదు. ఎర చేపతో పాటు వేరే చోటి నీళ్లు, అందులోని రోగాలు, కంటికి కనిపించని జీబ్రా ఆల్చిప్పల పిల్లలు వస్తాయి. ఈ ఆల్చిప్పలు 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనబడ్డాయి, మరుసటేడాదికి డులూత్ రేవుకు చేరాయి. ఒకసారి స్థిరపడితే ఇక తీసేసే దారి లేదు. అక్కర్లేని ఎరను చెత్తబుట్టలో వేయండి. దాచుకోవాలంటే సరస్సు నీరు పారబోసి కుళాయి నీరు పోసుకోండి.

పడవ పైకి లాగగానే నాచు, గడ్డిపోచలు ఏరేయండి, నీరంతా వంచేయండి. డ్రెయిన్ ప్లగ్ తీసేసే రోడ్డెక్కాలి, మిన్నెసోటాలో అది చట్టం. వేరే సరస్సుకు వెళ్లే ముందు కనీసం 5 రోజులు ఆరబెట్టండి, లేదా 120 డిగ్రీల ఫారన్‌హీట్ నీటితో 2 నిమిషాలు కడగండి. తీసిన ప్లగ్గును పడవ తాళంచెవికే తగిలిస్తే మళ్లీసారి బిగించడం మరిచిపోరు.

ప్రశ్న: మే నెలలో సీజన్ మొదలవగానే వాలై చేపల కోసం లోతుల్లో వెతికాం, ఒక్కటీ పడలేదు. (సెయింట్ క్లౌడ్)

జవాబు: అప్పుడు అవి లోతులో ఉండవు. మంచు కరిగాక వాలై చేపలు అలలు తాకే గులకరాళ్ల ఒడ్డునా, వాగులు కలిసే చోటా గుడ్లు పెడతాయి, ఆ తర్వాతా కొన్నాళ్లు ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. 6 నుంచి 12 అడుగుల లోతు చాలు. గాలి ఒడ్డుకు కొట్టే వైపు మంచిది. అలలకు వెలుతురు తగ్గుతుంది, మసక వెలుతురులో వాలై కన్ను బాగా పనిచేస్తుంది. పొద్దువాలే వేళకు అక్కడ ఉండండి.

ఎనిమిదో వంతు ఔన్సు జిగ్‌కు (తల దగ్గర బరువున్న కొక్కెం) షైనర్ అనే చిన్న ఎర చేపను నోట్లోంచి గుచ్చి తల వెనక నుంచి కొక్కెం బయటికి తీయండి. దారం 6 లేదా 8 పౌండ్ల బరువు తట్టుకునేది. జిగ్‌ని అడుగుకు తాకించి, అరడుగు లేపి, ఆపండి. చాలామంది ఎగరేసి కుదుపుతారు. చన్నీళ్లలో మందకొడిగా ఉన్న చేప దాని వెంట పడదు. దారం బరువెక్కినట్టనిపిస్తే గాలం కర్ర కొన కొద్దిగా వంచి, ఒక్క క్షణం ఇచ్చి, అప్పుడు లాగండి.

లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టడం కాదు, వేసుకోండి. మే నెల నీటిలో పడ్డవాడికి మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, పది నిమిషాలు దాటితే చేతులు పట్టు తప్పుతాయి. ఈతగాడికైనా ఇంతే. పదేళ్ల లోపు పిల్లలకు, పడవ కదులుతున్నంతసేపూ జాకెట్ ఒంటి మీద ఉండాలని చట్టమే చెబుతోంది.

ప్రశ్న: మా కోడలు గర్భవతి. పట్టిన చేప పులుసు పెట్టవచ్చా? చర్మం తీసేస్తే పాదరసం పోతుందంటారు. (ఈగన్)

జవాబు: పోదమ్మా. పాదరసం కండలోనే ఉంటుంది. చర్మం తీసినా, ఎంత మరిగించినా తగ్గదు. సన్‌ఫిష్, క్రాపీ, పెర్చ్ లాంటి చిన్నచేపలు వారానికి ఒక పూట పెట్టవచ్చు. 20 అంగుళాల లోపు వాలై నెలకొకసారి చాలు. అంతకు మించిన వాలై, పెద్ద నార్తర్న్ పైక్ ఆమెకు వద్దు. చేప పెద్దదైనకొద్దీ పాదరసం ఎక్కువ పోగవుతుంది. కొన్ని సరస్సులకు విడిగా హెచ్చరికలుంటాయి, మీరు పట్టిన సరస్సు పేరుతో రాష్ట్ర ఆరోగ్య శాఖ జాబితా చూసుకోండి.