ఎర్ర బోయ్ కుడిచేతికి

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న ఆశీస్సులు.

22 అడుగుల సెయిల్‌బోటు కొన్నావనీ, వచ్చే నెల దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మా హాఫ్ మూన్ బేకి తీసుకొస్తున్నావనీ మీ పెద్దమ్మ చెప్పింది. సంతోషం. కొంచెం టెన్షన్ కూడా. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో నాలుగు రౌండ్లు కొట్టినట్టు కాదు, గోల్డెన్ గేట్ దాటి బయటికి రావడం. అక్కడి నుంచి మా ఊరి రేవు పిల్లర్ పాయింట్ హార్బర్‌కి 20 నాటికల్ మైళ్ళకు పైనే. ఐదు నాట్ల (గంటకి ఐదు నాటికల్ మైళ్ళ) వేగం అనుకున్నా నాలుగు గంటలు దాటుతుంది. మధ్యలో దూరి తలదాచుకోవడానికి ఒక్క రేవు లేదు. కాబట్టి పొద్దున్నే బయల్దేరు. మధ్యాహ్నానికి వాయవ్యం గాలి పుంజుకుంటుంది. బ్రిడ్జి కింద ఆటు అప్పుడే మొదలవుతున్నప్పుడు దాటు. ఆటు జోరు మీదుంటే, సముద్రం నుంచి వచ్చే అల దానికి ఎదురు తగిలి నీళ్ళు నిలువునా లేస్తాయి.

అసలు చెప్పాల్సింది హార్బర్‌లోకి రావడం గురించి. విశాఖ పోర్టులో నేను పదేళ్ళు టగ్గు మీద చేశాను కదా. అక్కడ లోపలికి వచ్చేటప్పుడు ఎర్ర బోయ్, అంటే దారి చూపడానికి నీళ్ళ మీద తేలేలా కట్టిన గుర్తు, ఎడమచేతికి, పచ్చది కుడిచేతికి. ఇండియా, యూరప్ అంతా ఇదే పద్ధతి. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లో సరిగ్గా తిరగేసి: సముద్రం నుంచి వస్తుంటే ఎర్రది కుడిచేతికి. ఈ సంగతి నాకు బాగా తెలుసు, పరీక్షలో కూడా రాశాను. అయినా ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది, పొగమంచులో ఎర్ర బోయ్ ఉన్నట్టుండి ముందు కనబడేసరికి నా చెయ్యి పాత అలవాటుకి పోయింది. దాన్ని ఎడమకి వదిలేసి పోతున్నాను. లోతు చూపే యంత్రంలో 45 అడుగులున్నది 30, 22 అని పడిపోతోంది. కుడివైపు ఎక్కడో అల విరిగే చప్పుడు. నీళ్ళ మీద నాచు ఆకులు గోధుమరంగులో తేలుతూ కనిపించాయి. నాచు ఉందంటే కింద రాయి ఉన్నట్టే. ఇంజిన్ రివర్స్ కొట్టి, వచ్చిన దారినే వెనక్కి పోయాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నీతో వచ్చే ఫ్రెండు మర్చంట్ నేవీలో చేశాడట కదా, చుక్కాని అతనికిచ్చేటప్పుడు ఈ మాట పైకి చెప్పించుకో. అతనికి తెలుసని ఊరుకోకు. నాకూ తెలుసు.

ఆ రేవు నోటికి రెండువైపులా రాళ్ళు. ఉత్తరం నుంచి దిగుతుంటే ముందు కొండ మీద మిలిటరీ వాళ్ళ పెద్ద తెల్లటి రాడార్ కనబడుతుంది. అదే పిల్లర్ పాయింట్. అది కనబడగానే ‘వచ్చేశాం’ అని ఒడ్డుకి తిరిగావో, కొంప మునుగుతుంది. దాని ముందే మావెరిక్స్, చలికాలంలో సర్ఫింగ్ వాళ్ళు కొండంత అలల కోసం వచ్చే చోటు. దూరంగానే దక్షిణానికి పోయి, బోయ్‌లు చూసుకుని అప్పుడు ఉత్తరానికి తిరిగి లోపలికి రా. ఎడమన పాయింట్ రాళ్ళు, కుడిన సౌత్‌ఈస్ట్ రీఫ్ అనే నీళ్ళ కింది రాళ్ళ గుట్ట. ఫోన్‌లో మ్యాప్ చూసుకో, వద్దనను, కానీ బోయ్ నంబరు కళ్ళతో చదివేదాకా నమ్మకు. మంచు దట్టంగా ఉంటే బయటే ఆగు. గంట ఆలస్యమైతే మీ పెద్దమ్మ తిడుతుంది, అంతే.

బయటి రాళ్ళకట్ట 1961 నాటికి కట్టారు, లోపలిది 1982లో. బయటి కట్ట దాటాక వేగం తగ్గించు, నీ వెనక అల లేవకూడదు. లంగరు వేసి ఉండేవాళ్ళు అక్కడే ఉంటారు. లోపలి కట్ట వెనక పడవలు కట్టుకునే బెర్తులు 369 ఉన్నాయి, చేపల బోట్ల సందడి బాగా ఉంటుంది. అతిథి బెర్తు కావాలంటే హార్బర్ ఆఫీసుకి ముందు రోజే ఫోన్ చెయ్. ఖాళీ లేదంటే బయట లంగరు వెయ్, లోతుకి కనీసం ఐదు రెట్లు తాడు వదులు. డీజిల్, ఐసు, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే పంపు, అన్నీ దొరుకుతాయి. ఆ ట్యాంకు ఒడ్డుకి మూడు మైళ్ళలోపు సముద్రంలో వదలడం నేరం, గుర్తుంచుకో.

కట్టేటప్పుడు ఫెండర్లు, అదే పడవకి దెబ్బ తగలకుండా వేసే మెత్తలు, రెండువైపులా ముందే వేలాడదీయించు. నడిమి తాడు మొదట కట్టు, పడవ అక్కడికక్కడే నిలబడుతుంది, మిగతావి తీరిగ్గా కట్టుకోవచ్చు. ఎవర్నీ పడవ మీంచి దూకనివ్వకు. పోయినేడు మా పక్క బెర్తులో ఒకాయన అలాగే దూకి మడమ విరగ్గొట్టుకున్నాడు.

లైఫ్‌జాకెట్టు పదమూడేళ్ళలోపు పిల్లలకే ఇక్కడ తప్పనిసరి, కానీ మీ ఇద్దరూ వేసుకునే రండి. ఆ నీళ్ళు ఐసు. పడితే కొద్ది నిమిషాల్లోనే చేతులు మాట వినవు. రేడియో 16వ ఛానెల్ మీదే ఉంచు, ఆపదలో పిలిచేది దాని మీదే. బోటర్ కార్డు తీసుకున్నావా? 2025 జనవరి 1 నుంచి ఇంజిన్ ఉన్న పడవ నడిపేవాళ్ళకి ఏ వయసువాళ్ళకైనా అది ఉండాలి.

బయల్దేరేటప్పుడు ఎన్ని గంటలకి చేరతావో నాకు మెసేజ్ పెట్టు. ఆ టైము దాటి రెండు గంటలైతే కోస్ట్‌గార్డుకి ఫోన్ చేస్తాను, సిగ్గుపడకు. జాన్సన్ పియర్ మీద నిలబడి ఉంటాను, ఎర్ర టోపీలో. వస్తూ వస్తూ నన్ను ఎటుచేతికి ఉంచుకున్నా పరవాలేదు.

మీ పెదనాన్న