దుయ్యబట్టారా, నిలదీశారా, ఆరోపించారా?

సందేహం: పెద్ద నోట్ల రద్దుపై 2016లో మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చేసిన ఇంగ్లిష్ ప్రసంగాన్ని డిగ్రీ విద్యార్థులకు ఇచ్చి, తెలుగులో వార్తగా రాయమన్నాను. ఒకరు ‘కేంద్రాన్ని దుయ్యబట్టారు’ అని రాశారు. ఒకరు ‘ప్రభుత్వాన్ని ఆరోపించారు’ అని, ఇంకొకరు ‘ప్రభుత్వ వైఫల్యతను నిలదీశారు’ అని రాశారు. ఈ వాడుకలన్నీ వార్తల్లో కనిపిస్తూనే ఉన్నాయి. ఏది ఒప్పు? ‘ఆర్గనైజ్డ్ లూట్, లీగలైజ్డ్ ప్లండర్’ అన్న మాటను తెలుగులో ఎలా చెప్పాలి?
– ఒక అధ్యాపకురాలు, ఏలూరు

సమాధానం: రెండోది, మూడోది వాక్యాలుగానే తప్పు. మొదటిది వ్యాకరణానికి ఒప్పే గాని, ఆ ప్రసంగం మొత్తానికి అతకదు.

ముందు ‘ఆరోపించు’ సంగతి. ఆరోపించడమంటే ఒకదాని మీద ఇంకొకటి మోపడం. రూపకాలంకారం చెప్పేటప్పుడు ‘ఉపమేయంపై ఉపమాన ధర్మాన్ని ఆరోపించడం’ అంటాం కదా, అదే క్రియ ఇది. మోపేది తప్పును; ఎవరి మీద మోపామో ఆ మనిషికి ‘మీద’ గాని ‘పై’ గాని రావాలి. కాబట్టి ‘ప్రభుత్వంపై అవినీతి ఆరోపణలు చేశారు’, ‘అవినీతి జరిగిందని ఆరోపించారు’ అనాలి. ‘ప్రభుత్వాన్ని ఆరోపించారు’ అంటే ప్రభుత్వాన్ని తీసుకెళ్లి మరెవరి మీదో మోపినట్టవుతుంది. ‘విమర్శించు’కు ఈ ఇబ్బంది లేదు. ప్రభుత్వాన్నీ విమర్శించవచ్చు, దాని విధానాన్నీ విమర్శించవచ్చు. ‘ప్రభుత్వాన్ని విమర్శించారు’ అన్న అచ్చులోనే ‘ఆరోపించారు’ను పోయడం వల్ల ఈ తప్పు పుడుతోంది.

‘నిలదీయు’ది మరో తీరు. నిలబెట్టి జవాబు అడగడం అది. నిలబడేది మనిషి, లేదా మనిషిలా జవాబుదారీ ఉన్న సంస్థ. మంత్రిని నిలదీస్తాం, ప్రభుత్వాన్ని నిలదీస్తాం. వైఫల్యాన్ని నిలదీయలేం, వైఫల్యంపై నిలదీస్తాం. దీనికి సరిగ్గా ఎదురు ‘ఎండగట్టు’. లోపాలను, వైఫల్యాలను ఎండగడతాం. ‘ప్రభుత్వాన్ని ఎండగట్టారు’ అన్నది కూడా ఇప్పుడు బాగా వాడుకలో ఉంది, దాన్ని తప్పనలేను. అయినా ఏ లోపాన్ని బయటపెట్టారో చెప్పే వాక్యమే పాఠకుడికి ఎక్కువ ఉపయోగం.

‘వైఫల్యత’ను కొట్టేయండి. ‘విఫల’ విశేషణం. దాని నుంచి వచ్చిన భావనామం ‘వైఫల్యం’. ‘సఫల’ నుంచి ‘సాఫల్యం’, ‘దరిద్ర’ నుంచి ‘దారిద్ర్యం’ వచ్చినట్టే. ఒకసారి భావనామమయ్యాక దానికి మళ్లీ ‘త’ చేర్చాల్సిన పని లేదు. కావాలంటే ‘విఫలత’ అనండి. ‘నైపుణ్యత’, ‘ప్రావీణ్యత’ కూడా ఈ కోవలోవే, బడి ప్రశంసాపత్రాల్లో సైతం కనిపిస్తుంటాయి. ‘ప్రభుత్వ విఫలం’ అన్నది దీనికి తిరగబడిన తప్పు: నామం ఉండాల్సిన చోట విశేషణం వచ్చింది. ‘ప్రభుత్వం విఫలమైంది’, ‘ప్రభుత్వ వైఫల్యం’ అనండి.

ఇక అసలు విషయం. 2016 నవంబర్ 24న రాజ్యసభలో మాట్లాడిన ఆ సభ్యుడు మాజీ ప్రధాని, అంతకుముందెప్పుడో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా పనిచేసినవాడు. ప్రసంగం చిన్నదే. కానీ ఒక్కో వాక్యం చేసిన పని వేరు. నల్లధనాన్ని, దొంగనోట్లను, ఉగ్రవాదులకు అందే డబ్బును అరికట్టాలన్న లక్ష్యాలతో తనకు విభేదం లేదన్నారు. అది సమ్మతి, అక్కడ ‘దుయ్యబట్టారు’ అని రాస్తే అబద్ధం రాసినట్టే. అమలు తీరు ఘోరంగా ఉందన్నారు. అది విమర్శ. జనం తమ డబ్బును బ్యాంకులో వేసుకుని, దాన్ని తీసుకోవడానికి వీల్లేని దేశం ఏదైనా ఉంటే పేరు చెప్పాలని ప్రధానిని అడిగారు. అది నిలదీయడం. జీడీపీ తగ్గవచ్చన్నారు. అది అంచనా. రోజుకొక నిబంధన మారుస్తున్నారన్న మాట ఎవరైనా సరిచూసుకోగలిగిన విషయం. దానికి ‘గుర్తుచేశారు’, ‘ఎత్తిచూపారు’ సరిపోతాయి. ఆఖరున, సామాన్యుల కష్టాలు తీరే ఉపాయాలు ప్రధాని చూస్తారని ఆశించారు. ఈ ఆరింటినీ ‘దుయ్యబట్టారు’ అనే ఒక్క సంచిలో కుక్కితే, మెచ్చుకున్నదేదో తిట్టిందేదో తేలదు.

మీ విద్యార్థులు ‘తూర్పారబట్టారు’ రాసి ఉంటే నిజానికి కొంత దగ్గరగా ఉండేది, అదీ మూలార్థంలో. కళ్లంలో ధాన్యాన్ని గాలివాటున ఎత్తు నుంచి వదిలితే తాలు ఎగిరిపోయి గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది. లక్ష్యాన్ని నిలిపి, అమలును ఎగరగొట్టిన ప్రసంగానికి ఆ మాట బాగానే కుదురుతుంది. కానీ పత్రికల వాడుకలో గింజ ఎప్పుడో జారిపోయింది, తాలే మిగిలింది. చదివేవారికి తిట్టారన్న అర్థమే అందుతుంది గనక ఇప్పుడు దాన్ని వెనక్కి లాగడం కష్టం.

జీడీపీ వాక్యం దగ్గర ఆగాలి. ఎక్కువమంది తడబడేది అక్కడే. జాతీయాదాయం సుమారు 2 శాతం పాయింట్ల మేర తగ్గవచ్చని, ఇది ఎక్కువ చేసి చెప్పింది కాదు, తక్కువ అంచనాయేనని ఆయన అన్నారు. దాన్ని ‘జీడీపీ 2 శాతం పడిపోతుంది’ అని రాస్తే దేశం ఆదాయం గతేడాది కంటే తగ్గిపోతుందని పాఠకుడు అనుకోవచ్చు. వృద్ధి రేటు 7 నుంచి 5కు దిగితే అది 2 శాతం పాయింట్ల తగ్గుదల. అదే 7లో 2 శాతం తగ్గితే 6.86 అవుతుంది. ఆదాయం పెరుగుతూనే ఉంటుంది, వేగం తగ్గుతుంది. కాబట్టి ‘పాయింట్లు’ అన్న మాటను బరువని వదిలేయకండి. ‘తగ్గవచ్చు’ను ‘తగ్గుతుంది’ చేయకండి.

మీరడిగిన పదబంధానికి వద్దాం. ఆ వాక్యంలో దానికి ముందు ‘మాన్యుమెంటల్ మేనేజ్‌మెంట్ ఫెయిల్యూర్’ అన్న మాట ఉంది. నిఘంటువు తెరిచి ‘స్మారక’ అని రాసే ప్రమాదం ఉంది, నవ్వులపాలవుతాం. ‘చారిత్రక’ అందామంటే, పత్రికలు దాన్ని మెచ్చుకోలుకు కేటాయించేశాయి. ‘భారీ నిర్వహణ వైఫల్యం’లో భారీ అయింది నిర్వహణో వైఫల్యమో తెలియదు. ‘నిర్వహణలో కనీవినీ ఎరుగని వైఫల్యం’ అంటే ఆ చిక్కు ఉండదు.

‘ఆర్గనైజ్డ్ లూట్’కు ‘వ్యవస్థీకృత లూటీ’ చాలు. ఇంగ్లిష్ ‘లూట్’ హిందీ నుంచి వెళ్లిందే, కాబట్టి మన ‘లూటీ’ దానికి దగ్గరి చుట్టమే. ‘లీగలైజ్డ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘చట్టబద్ధ దోపిడీ’ అంటే చట్టానికి లోబడి ఉన్నదని అర్థం. ఆయన అన్నది చట్టబద్ధం చేసిన దోపిడీ, అంటే కానిదానికి చట్టం రక్షణ కల్పించారని. నోట్ల రద్దు చట్టబద్ధమా కాదా అన్నది తర్వాత సుప్రీంకోర్టు ముందు వేరే ప్రశ్నగా నిలిచింది. 2023 జనవరి 2న అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు సమర్థించారు, జస్టిస్ నాగరత్న విభేదించారు. రాజకీయ విమర్శలోని మాట కోర్టు భాషలోని మాటతో కలిసిపోకుండా ఉండాలంటే ‘చేసిన’ను వదలకూడదు. ‘చట్టం ముసుగులో’ అన్న అనువాదం చెవికి బాగుంటుంది కానీ, ఆయన అనని ముసుగును మనం తొడిగినట్టవుతుంది. ఉటంకింపులో అది తగదు.

ఇంకొకటి, మీరు అడగకపోయినా. 2016 నవంబర్ 8న ప్రకటించింది ‘రద్దు’: పాత 500, 1000 నోట్లకు చెల్లుబాటు పోయింది. 2023 మే 19న 2000 నోటు విషయంలో రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది ‘ఉపసంహరణ’: చలామణీ నుంచి వెనక్కి తీసుకున్నారు గాని చెల్లుబాటు పోలేదు. రెంటినీ ‘నోట్ల రద్దు’ అనేస్తే, ఇంట్లో 2000 నోటు ఉన్నవారిని ఊరకే కంగారు పెట్టినట్టే.

విద్యార్థులకు చూపడానికి ఒక నమూనా: ‘పెద్ద నోట్ల రద్దు లక్ష్యాలతో తనకు విభేదం లేదని, అమలులో మాత్రం కనీవినీ ఎరుగని వైఫల్యం ఉందని మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ విమర్శించారు. ఇది వ్యవస్థీకృత లూటీ, సామాన్యులపై చట్టబద్ధం చేసిన దోపిడీ అని ధ్వజమెత్తారు. బ్యాంకులో వేసుకున్న డబ్బును జనం తీసుకోలేని దేశం ఇంకేదైనా ఉందా అని ప్రధానిని నిలదీశారు. జీడీపీ సుమారు 2 శాతం పాయింట్ల మేర తగ్గవచ్చని అంచనా వేశారు.’ ఇందులో ‘ధ్వజమెత్తారు’ కూడా ఎక్కువనిపిస్తే ‘అన్నారు’ అని పెట్టండి. ఆ వాక్యంలో కావలసినంత కారం ఆయన మాటల్లోనే ఉంది.